దాలమ్మకో గడప

ఇల్లు అద్దెకు అడగడానికి వెళ్లినప్పుడు కస్తూరి, అందులో ఉండబోయేవాళ్లలో అందరికంటే ముసలివాళ్లను ముందు గుమ్మంలో నిలబెట్టేది. దగ్గు ఉంటే దగ్గనిచ్చేది. కుంటుతుంటే కుంటనిచ్చేది. "ముందు ఈయన్ని చూడండి, మిగతా సంగతులు తరవాత" అనేది. ఇంటివాళ్లలో చాలామంది అక్కడితోనే తలుపు వేసుకునేవారు. ఆవిడ నల్లగొడుగు చంకలో పెట్టుకుని పక్క గుమ్మానికి నడిచేది.

రాయగడలో ఆ గొడుగును ఎరగనివాళ్లు లేరు. గొడుగు సందు మొదట్లో కనబడగానే ఖాళీ గదికి తాళం వేసుకుని లోపలికి పోయిన ఇంటివాళ్లనూ నేనెరుగుదును.

కస్తూరి నా భార్య. పుట్టింది బొబ్బిలి దగ్గర పల్లెలో. చదువు పెద్దగా లేదు. నేను రాయగడ స్టేషన్లో పార్సిల్ గుమాస్తాగా చేరిన ఏడాది నాతో ఆ ఊరు వచ్చింది. రైలు క్వార్టర్లో కాపురం, వంట, శనివారం సాయంత్రం ఆడవాళ్లందరూ చేరి చేసుకునే భజన, ఇదీ ఆవిడ లోకం. ఆ లోకంలోంచి బయటికి లాగింది గూడ్స్ షెడ్డు వసారా.

ఆ వసారా మీద ఎప్పుడూ మనుషులుండేవారు. కాగితం మిల్లు కట్టేటప్పుడు వచ్చి, కట్టడం అయిపోయాక ఎటూ పోలేనివాళ్లు కొందరు. కరువు తరిమితే మునిగుడ మీదుగా దిగివచ్చినవాళ్లు కొందరు. కొండల్లో రైలు దారి కోసం రాయి పగలగొట్టడానికి శ్రీకాకుళం నుంచి వచ్చిన కూలీలు కొందరు. వాళ్లకు ఈ ఊళ్లో పని దొరికేది, కూడు దొరికేది. ఇల్లు మాత్రం దొరికేది కాదు. చింతపండు బస్తాల మధ్య పడుకుని, సరుకు బండి వచ్చినప్పుడల్లా లేచి పక్కకు జరిగేవారు.

నాకు క్యారేజీ తెచ్చే దారిలో కస్తూరి ఒక ముసలమ్మను రోజూ చూసేది. పేరు దాలమ్మ. మనిషి ఎండిన కొండచీపురులా ఉండేది. దగ్గు మొదలైతే ఒక పట్టాన ఆగేది కాదు. పక్కన కోడలు బుల్లమ్మ. కొడుకు కొండపనిలో రాయి కింద పడి పోయాడు. కోడలు ఊళ్లో టోకు వ్యాపారి దగ్గర చింతపండు పిక్క తీసే పనికి వెళ్లి అత్తను పోషించేది.

ఒక రోజు కస్తూరి క్యారేజీ పక్కన పెట్టి కూర్చుంది.

"మామ్మా, మీ ఊరెళ్లిపోకూడదా? అక్కడ మీవాళ్లెవరూ లేరా?"

"ఊరేటమ్మా, ఏరు మింగీసింది. పాకా పోయింది, పాక కింద నేలా పోయింది" అంది దాలమ్మ. "నాకింక తిండి మీద ఆశ లేదు. గుడ్డ మీద లేదు. ఒకటే ఉంది."

"ఏటది?"

"నా కొడుకు ఆరుబయట పోయేడు. ఆడి పీనుగుని ఏ గడపా దాటించలేదు. నానలగ పోకూడదు. నాలుగ్గోడల మద్దిన పోవాల. నన్ను గడప దాటించి మోసుకెల్లాల. బతకడానికి కాదమ్మా ఇల్లు అడిగింది, సావడానికి."

బుల్లమ్మ చిరాకు పడింది. "ఎప్పుడూ అదే గోల. ఒలే అత్తా, సచ్చినోలికి గడపయితే ఏటి, గట్టయితే ఏటి?"

"నీకేటి తెలుసే. నువ్వింకా సావలేదు గదా."

కస్తూరి నవ్వింది గాని ఆ మాట ఇంటికి తెచ్చుకుంది. అన్నం వడ్డిస్తూ నాతో చెప్పింది. మర్నాడు సబితా గురుమాతో చెప్పింది. సబితా పాణిగ్రాహి ఒరియా బడిలో పంతులమ్మ. ఒరియావాళ్లు పంతులమ్మను గురుమా అంటారు. ఆమె మాకు పొరుగు. శనివారం భజనకు వచ్చి మా తెలుగు పాటలు తనకు తోచినట్టు పాడేది.

అలా ఆ భజన కాస్తా సంఘమైంది. దానికి పేరు పెట్టింది గురుమాయే, నీడ సంఘం అని. ఇళ్లు కట్టించే స్తోమత వాళ్లకు లేదు. వాళ్లు చేయగలిగింది ఊళ్లో ఖాళీ గది ఎక్కడుందో కనిపెట్టడం, ఇల్లు లేనివాళ్లను అక్కడికి తీసుకెళ్లడం, "వీళ్లకు మేం పూచీ" అనడం. గది సంఘం పేరు మీద తీసుకునేవారు. చేరినవాళ్లు కూలి మీద అద్దె ఇచ్చేవారు. పని దొరకని నెల సంఘం చూసుకునేది. ప్రతి శనివారం ఎవరో ఒకరు వెళ్లి ఆ ఇంటిని చూసి రావాలి. గోడ తడిసిందా, పొయ్యి వెలిగిందా, ఇంటివాళ్లతో పేచీలేమైనా ఉన్నాయా అని అడిగి రావాలి.

ఒంటరి మగవాళ్లకు గదులు తొందరగానే దొరికాయి. దాలమ్మకే దొరకలేదు. కోడల్ని చూసి తల ఊపినవాళ్లు, అత్త దగ్గు వినగానే "మావాళ్లెవరో వస్తామన్నారండీ" అనేవారు. వాళ్ల భయం దగ్గు అంటుకుంటుందనే అనుకుంది కస్తూరి. అనుకుని ఒక తప్పు చేసింది. ముసలమ్మ ఉన్నట్టు చెప్పకుండా, బుల్లమ్మ ఒక్కతే అని చెప్పి బస్టాండు వెనక ఒక గది తీసుకుంది. దాలమ్మను చీకటిపడే వేళకు దుప్పటి కప్పి లోపలికి తీసుకెళ్లారు.

దగ్గును దుప్పటి దాచలేదు. తెల్లవారేసరికి ఇంటాయన కుండా చాపా తీసి వీధిలో పెట్టాడు. కబురు తెలిసి కస్తూరి పరుగెత్తింది.

"ముసల్దాన్ని నా నెత్తిన పెట్టి పోతారేటండీ?" అన్నాడాయన. "రేపీవిడ సెడ్డ నక్షత్రంలో పోతే నా ఇల్లు ఎవరు మూసుకుంటారు? మీరా?"

మా వైపు పట్టింపు అది. కొన్ని నక్షత్రాల్లో మనిషి పోతే ఆ ఇంటికి దోషం అంటారు. ఇల్లు ఖాళీ చేసి, తలుపుకు ముళ్లకంప కట్టి, పంతులు చెప్పినన్ని నెలలు మూసిపెట్టాలి. ఆ తరవాత శాంతి చేయించి తెరవాలి. సొంతవాళ్లు పోతేనే జనం బెంబేలెత్తిపోతారు. ఎక్కడినుంచో వచ్చిన ముసలివాళ్లకు గది ఇచ్చి ఆ బెడద నెత్తికెత్తుకోవడానికి ఎవరు ఒప్పుకుంటారు?

ఆ రోజు ఇంటికి వచ్చి కస్తూరి చేట తీసుకుని కూర్చుంది. బియ్యంలో రాళ్లు ఏరుతూ ఏరుతూ అంది, "ఆయన తిట్టింది తప్పు కాదు. అబద్ధం మనది. ఇకమీదట ముసలమ్మే ముందు. ఏ గుమ్మానికెళ్లినా దాలమ్మే ముందు నిలబడుతుంది. ఇస్తే తెలిసి ఇవ్వాలి."

"తెలిసి ఎవరిస్తారు?" అన్నాను.

"ఎవరో ఒకరిచ్చేదాకా అడగడమే."

ఇంతలో గూడ్స్ షెడ్డు పడగొట్టి కొత్తది కట్టాలని ఉత్తర్వు వచ్చింది. రథయాత్ర అయిన మూడు వారాల్లో వసారా ఖాళీ చేయించాలి. ఆ సంగతి నేనే చెప్పాల్సి వచ్చింది. వానలు అప్పటికే పట్టుకున్నాయి. నాగావళి ఎర్రగా పారుతోంది. షెడ్డు పోతే దాలమ్మకు ఆ పాటి రేకు కూడా ఉండదు.

మల్లేశ్వరరావు టోకు వ్యాపారి. టికిరి, లక్ష్మీపూర్ సంతల్లో కొన్న చింతపండు అతని గోదాముకే వచ్చేది. బుల్లమ్మ పిక్క తీసేది అక్కడే. గోదాము వెనక వరసగా గదులున్నాయి, చివరి గది ఖాళీ. కస్తూరి, గురుమా కలిసి దాలమ్మను రిక్షాలో కూర్చోబెట్టుకుని వెళ్లారు. ఆదివారం కావడంతో నేనూ వెంట వెళ్లాను. రిక్షాలోంచి దింపగానే దాలమ్మ షావుకారు గుమ్మం ముందు నిలబడి, ఎవరూ చెప్పకుండానే దగ్గు మొదలుపెట్టింది.

మల్లేశ్వరరావు కాటా దగ్గరనుంచి లేచి వచ్చాడు. లావుపాటి మనిషి, మాట మెత్తన.

"రండమ్మా కస్తూరమ్మగారు. బుల్లమ్మ సెప్పింది. గదుంది, లేదన్ను. గాని ఆషాఢం కదండీ. ఆషాఢంలో ఎవరేనా ఇల్లు మారతారేటి? శ్రావణం రానివ్వండి, సూద్దాం."

"అప్పటికి షెడ్డుండదు బాబూ" అంది కస్తూరి.

"నానేటి సేస్తానండీ, పంచాంగం నాను రాసేనా?"

గురుమా ముందుకు వచ్చింది. ఆమె తెలుగు ఆమె నడకలాగే తిన్నగా ఉండేది. "షావుకారుబాబూ, గది ఎవరి పేరున ఇస్తారు?"

"సంఘం పేరున."

"సంఘానికి పెద్ద ఎవరు?"

"తమరే కదండీ, గురుమా."

"నేను ఒరియా మనిషిని. మా పంజికలో, అంటే మా పంచాంగంలో, పున్నమి తోటి నెల మారిపోతుంది. పున్నమి వెళ్లింది, నాకు శ్రావణం వచ్చేసింది. మీకు అమావాస్య దాకా ఆషాఢం. ఉంచుకోండి. ఇల్లు చేరేది నేను కదా, మీరు కాదు."

గోదాములో పిక్క తీస్తున్న ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. బుల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మల్లేశ్వరరావు కూడా నవ్వాడు. నవ్వి, తల గోక్కుని, మాట మార్చాడు.

"ఆషాఢం ఊసు ఒగ్గీండి. ఉన్న మాట సెప్పీమంటారా? మా నాన్న సెడ్డ నక్షత్రంలో పోయేడు. ఆరు నెలలు ఇల్లు మూసి, పిల్లా జెల్లా పట్టుకుని గోదాములో పడుకున్నాం. ఆ ఏడు నా యాపారం లేవలేదు. తల్లీ, ఈ ముసలమ్మని సూస్తే నాకదే గేపకం వస్తంది. నన్నొగ్గీండి."

"ఇదిగో, ఇదే మీరు ముందు చెప్పవలసిన మాట" అంది కస్తూరి. ఆమె గొంతులో కోపం లేదు. "ఇప్పుడు మా మాట వినండి. ఈవిడ మీ గదిలోనే పోతుంది. దాపరికం లేదు, అందుకే వచ్చింది. మంచి నక్షత్రంలో పోతే గొడవ లేదు. చెడ్డదైతే పంతులుగారు ఎన్నాళ్లంటే అన్నాళ్లు ఆ ఒక్క గదీ మూయండి. ఆ రోజే బుల్లమ్మను నేను మా క్వార్టర్‌కి తీసుకుపోతాను. మూసిన నెలలకీ అద్దె సంఘమే ఇస్తుంది. శాంతి ఖర్చు మాది. గది తెరిచాక బుల్లమ్మ మళ్లీ అందులోకే రావాలి. అంతే."

"మీ కోటర్సుకి మైల తగల్దేటండీ?"

"అది రైలువాళ్ల ఇల్లు బాబూ. దాన్ని మూసెయ్యాలంటే పైనుంచి ఎంతమంది సంతకాలు కావాలో ఈయన్నడగండి. నక్షత్రానికి అంత ఓపిక ఎక్కడిది?"

మల్లేశ్వరరావు నా వైపు చూశాడు. నేను తలూపాను. అయినా అతను కదల్లేదు. "మాటలు బాగుంటాయండీ. రేపు నిజంగా అలాగైతే ఎవరేనా కనబడతారా?" అన్నాడు నేలకేసి చూస్తూ.

అప్పుడు లోపలి వసారాలోంచి ముసలి గొంతు వినిపించింది. అతని తల్లి సింహాచలమ్మ. గోడకు జారబడి చేట ముందు పెట్టుకుని అంతా వింటోంది.

"ఒరే మల్లేసూ! నాకూ రేతిరినుంచి దగ్గొస్తందిరా."

"నువ్వూరుకోవే అమ్మా."

"ఊరుకుంటాను గాని, నన్నెప్పుడు బయట పడుకోబెడతావో సెప్పు. సాపా గుడ్డా సర్దుకోవాల గదా. నీ గదులు బాగుండాల, యాపారం బాగుండాల. ఆ ముసల్దీ నానూ గూడ్సు షెడ్డుకాడ ఒకే గోనె మీద పడుకుంటాంలే. ఏటే దాలమ్మా, నాకు సోటిస్తావా?"

"అమ్మగారూ, నాకే లేదు" అంది దాలమ్మ, దగ్గు మధ్యలో.

గోదాము గోదామంతా నవ్వింది. మల్లేశ్వరరావు మొహం ఎర్రబడింది. తాళంచెవి మొలతాడునుంచి విప్పి కస్తూరి చేతిలో పెట్టలేదు, తల్లి ముందున్న చేటలో పడేశాడు. "నీ ఇష్టమే అమ్మా, నువ్వే ఇచ్చుకో" అని కాటా దగ్గరికి వెళ్లిపోయాడు.

మర్నాడే గురుమా పంజిక ప్రకారం శ్రావణంలో పాలు పొంగించారు. కొత్త కుండ, మూడు రాళ్ల పొయ్యి. తడికట్టె కావడంతో పొగ తప్ప మంట రాలేదు. బుల్లమ్మ ఊది ఊది కళ్లు ఎర్రగా చేసుకుంది. పాలు పొంగగానే దాలమ్మ లోపలికి రాకుండా గడప మీద కూర్చుండిపోయింది. ఆ కొయ్యను ఈ చివరనుంచి ఆ చివరిదాకా అరచేత్తో తడిమింది. "మంచి టేకు" అంది. అది టేకు కాదు, మామూలు అడవి కర్ర. ఎవరూ ఆ మాట అనలేదు.

తరవాత దాలమ్మ పోలేదు. నాలుగు గోడలు దొరికాక ఆమెకు చావు మీద తొందర తగ్గింది. దగ్గు కూడా కాస్త నెమ్మదించింది. గడప మీద కూర్చుని చింతపిక్కలు ఏరి పోగుపెట్టేది. సింహాచలమ్మ మధ్యాహ్నాలు అటు వచ్చేది. ఇద్దరూ కలిసి ఊళ్లోవాళ్ల కోడళ్లందరినీ తిట్టుకునేవారు. ప్రతి శనివారం కస్తూరి వెళ్లినప్పుడు మల్లేశ్వరరావు ఒకటే మాట, "ఏటండీ, మీ ముసలమ్మ మమ్మల్నందర్నీ పంపించి అప్పుడెల్తాదేటి?"

ఊరు మాత్రం కనిపెట్టి చూస్తూనే ఉంది. ముసలివాళ్లున్న కుటుంబాలకు గది కావాలని అడిగినప్పుడల్లా ఇంటివాళ్లు అనేవారు, "ముందు ఆ షావుకారు ఇంట్లో ఏమవుతుందో చూద్దామండీ." దాలమ్మ బతికినంతకాలం కస్తూరి మాట నిజమో కాదో తేలే వీలులేదు. అందుకే ఆ రోజు వచ్చేదాకా మరో ముసలిప్రాణానికి గది దొరకలేదు.

ఆ రోజు మాఘమాసంలో వచ్చింది. దాలమ్మ పొద్దుటే గంజి తాగి, గడప దగ్గరగా లోపలి వైపు పడుకుని, అలాగే పోయింది. కస్తూరి వెళ్లేసరికి పంతులుగారు వేళ్లు మడిచి లెక్కపెడుతున్నారు. లెక్క పూర్తి కాకముందే మల్లేశ్వరరావు మొహం చూస్తే తెలిసిపోయింది.

"ఆరు నెలలు" అన్నారు పంతులుగారు.

బుల్లమ్మ ఏడుపు ఆపి కస్తూరి వైపు చూసింది. అత్త కోసం కాదు ఆ చూపు. ఆ గది లేకపోతే ఆమె మళ్లీ వసారా మనిషి.

"ముందు దాలమ్మను గడప దాటించండి" అంది కస్తూరి. "అడిగింది అదే."

నలుగురు కూలీలు ఆమెను ఎత్తి గడప దాటించారు. కాళ్లు ముందుగా. బుల్లమ్మ ఆ గడపకు దణ్ణం పెట్టింది. శ్మశానం పని ముగిశాక కస్తూరి ఆమె కుండ తనే పట్టుకుని క్వార్టర్‌కి నడిపించుకు వచ్చింది. క్వార్టర్ల ఆడవాళ్లు కొందరు కొన్నాళ్లు మా ఇంట్లో మంచినీళ్లు ముట్టలేదు. కస్తూరి వాళ్లను బతిమాలలేదు, నిలదీయలేదు. కుళాయి దగ్గర తన వంతు వచ్చేదాకా నిలబడి బిందె నింపుకుని వచ్చేసేది. శనివారం భజన మానలేదు. రానివాళ్ల చోట గొంతు కాస్త పెంచి పాడేవారు, అంతే.

ముళ్లకంప కట్టిన గదికి కూడా ఆవిడ శనివారం వెళ్లడం మానలేదు. గుమ్మం పక్కన బుల్లమ్మ పెట్టుకున్న తులసి కుండకు నీళ్లు పోసి, ఆకులు ఊడ్చి వచ్చేది.

"మూసిన గదికి కూడా వస్తారేటండీ?" అని మల్లేశ్వరరావు మొదట్లో ఎగతాళి చేశాడు.

"గది మూశారు గాని మాట మూయలేదు కదా బాబూ" అంది.

ఎండలు ముదిరాయి. ఆ ఏడు చింత విరగగాసింది. లక్ష్మీపూర్ వైపునుంచి బండి మీద బండి దిగుతోంది. గోదాము నిండి, నడవ నిండి, సింహాచలమ్మ మంచం కింద కూడా బస్తాలు చేరాయి. ఒక శనివారం కస్తూరి వెళ్లేసరికి ఇద్దరు హమాలీలు కత్తి పట్టుకుని ముళ్లకంప కోయబోతున్నారు. మల్లేశ్వరరావు పక్కన నిలబడి ఉన్నాడు. ఆవిడను చూసి చేతులు నలుపుకున్నాడు.

"మనుసులుండకూడదన్నారు గాని బస్తాలుండకూడదన్లేదు గదండీ పంతులు. వానలొచ్చీలోగా ఎత్తీస్తాను."

బస్తాలు లోపలికి వెళితే బుల్లమ్మ బయటే అని కస్తూరికి తెలుసు. ఒకసారి గోదాముగా మారిన గది మళ్లీ ఇల్లు కావడం ఆ బజారులో ఎవరూ చూడలేదు. ఆవిడ గొడుగు మూసి గడప మీద అడ్డంగా పెట్టింది.

"తీయించండి బాబూ, మీ ఇల్లు. కాని ఒక మాట. ఈ చింతపండు ఎక్కడ అమ్ముతారు?"

"ఇజీనారం. ఇంకెక్కడ?"

"విజయనగరంలో కొనేవాళ్లు మనవాళ్లే కదా. చెడ్డ నక్షత్రానికి మూసిన గదిలో నిలవుంచిన సరుకు అని తెలిస్తే, పులుసులో వేసుకుంటారా?"

మల్లేశ్వరరావు నోరు తెరిచాడు.

"ఎవరు సెప్తారండీ ఆలకి?"

"నేను చెప్పను. ఈ హమాలీలు చెబుతారు. పిక్క తీసే ఆడవాళ్లు చెబుతారు. బండివాడు చెబుతాడు."

హమాలీల్లో ఒకడు కత్తి కింద పెట్టేశాడు. "నాను ముట్టుకోను బాబూ, నాకు పిల్లలున్నారు" అన్నాడు. ఆ వారమే పనిలో చేరినవాడు, కంప ఎందుకు కట్టారో అప్పటిదాకా అతనికి ఎవరూ చెప్పలేదు.

నక్షత్రానికి భయపడి గది ఇవ్వనన్న మనిషిని ఆ నక్షత్రంతోనే కస్తూరి ఆపింది. మల్లేశ్వరరావు కాసేపు గుర్రుగా చూశాడు. చివరికి, "మీరు కోమట్లింట పుట్టవలసిందండీ" అని బస్తాలు పెరట్లో పాక వేయించి పెట్టించాడు. దానికి తాటాకు మోయించింది సంఘం. బుల్లమ్మే మోసింది.

శ్రావణంలో కంప తీశారు. ఈసారి రెండు పంచాంగాల ప్రకారమూ అది శ్రావణమే. మల్లేశ్వరరావు పట్టుబట్టి మరీ రెండూ చూపించాడు. శాంతి అయింది. బుల్లమ్మ మళ్లీ పాలు పొంగించింది. కస్తూరి వెళ్లబోతుంటే అతను కాటా దగ్గర్నుంచే పిలిచాడు.

"కస్తూరమ్మగారూ! మూడో గదివాడు కాళీ సేస్తన్నాడు. మీకాడ ఎవరేనా ముసిలోలున్నారా?"

ఆ మాట బజారంతా పాకింది. సంఘం మాట ఇస్తే మూసిన గదికి కూడా వచ్చి నీళ్లు పోస్తుందని పాకింది. అంతకుముందు తలుపు వేసుకున్నవాళ్లలో కొందరు తీశారు. బస్టాండు వెనక ఇంటాయన కూడా తీశాడు. అందరూ తీయలేదు. తీయనివాళ్ల దగ్గరికి కస్తూరి ఏటేటా వెళ్లి వచ్చేది. కోరాపుట్‌కి రైలు దారి వేస్తారని టికిరి, లక్ష్మీపూర్ కొండల్లో మళ్లీ కూలీలు దిగినప్పుడు గొడుగుకు తీరుబడి లేకుండాపోయింది. గురుమాకు వేరే ఊరికి బదిలీ అయింది. ఆమె చోటికి సంఘంలో ఎవరు రావాలనే మాట వచ్చినప్పుడు కస్తూరి వసారానుంచి ఇంట్లోకి వచ్చిన మనిషిని చూపించింది. అప్పటినుంచి గదులు అడగడానికి బుల్లమ్మ కూడా వెళ్లేది. ఇంటివాళ్లతో గట్టిగా మాట్లాడటంలో మా అందరికంటే ఆమే నయం.

నేను రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేయాలి కదా. మాకూ ఇల్లు లేదు. మల్లేశ్వరరావు వరసలో రెండో గది, దాని వెనక వంటగది అద్దెకు తీసుకున్నాం. అప్పటికి సింహాచలమ్మ పోయి చాలాకాలమైంది. మేం అడగడానికి వెళ్లిన రోజు కస్తూరి నన్ను ముందు నిలబెట్టింది.

"వీరిని చూడండి ముందు. వయసు మళ్లింది, మోకాళ్లు నొప్పులు" అంది.

"ఈరి సంగతి సరే, తమరి సంగతేటండీ?" అన్నాడు మల్లేశ్వరరావు, ఆవిడ మొహంలోకి చూసి. అప్పటికే లోపల జబ్బు ఉంది. మాకింకా తెలియదు. అతనికి ఏం కనబడిందో మరి.

ఆ గదిలో ఆవిడ రెండు వానాకాలాలు చూసింది. మంచం మీదనుంచే శనివారం వెళ్లవలసిన గుమ్మాల లెక్క బుల్లమ్మకు చెప్పేది. "ఆ మేడ ఇంటాయన ఈసారి కూడా కాదంటాడు, అయినా వెళ్లు" అనేది. చివరి రోజుల్లో గొంతు పోయింది. వేలితో గొడుగు చూపించేది, అంతే.

ఒక తెల్లవారుజామున పోయింది. గోదాము ఆడవాళ్లు పనికి రాకుండా గుమ్మం ముందు కూర్చున్నారు. పంతులుగారు వచ్చి పంచాంగం తెరిచి, వేళ్లు మడవడం మొదలుపెట్టారు. మల్లేశ్వరరావు ఆయన చేతి మీద చెయ్యి వేశాడు.

"ఒద్దు పంతులుగారూ. ఆ లెక్క నాకు సెప్పకండి."

"చెప్పకపోతే ఎలాగండీ? నలుగురూ ఏమంటారు?"

"నలుగురూ నా గదిలో అద్దెకుండరు. ఈయనుంటారు" అని నన్ను చూపించాడు. "ఈయన్ని కాళీ సెయ్యమన్ను. కంప కట్టను. దోసం ఉంటే నాను పడతాను. ఒకపాలి పడ్డాను, సావలేదు గదా."

పంతులుగారు పంచాంగం మూసి సంచిలో పెట్టుకున్నారు. కస్తూరిని గడప దాటించారు. ఆ నక్షత్రం ఏదో నేను ఇప్పటికీ అడగలేదు. ఇప్పటికీ ఆ గదిలోనే ఉన్నాను.

శనివారం నాడు బుల్లమ్మ వచ్చింది. ఇంకా పెద్దకర్మ కూడా కాలేదు. గుమ్మం దగ్గర నిలబడింది.

"ఏంటి బుల్లమ్మా?"

"బాబూ, ఆ గొడుగు ఇయ్యండి."

"ఈ నాలుగు రోజులూ ఆగకూడదా?"

"మునిగుడనుంచి ఒకాయనొచ్చేడు. కళ్లు కనబడవు, ఇద్దరు మనవలు. టేసన్లో ఉన్నారు. రాతిరి వానొచ్చింది, తడిసిపోయేరు." కళ్లు తుడుచుకుంది. "ఆ మేడ ఇంటాయన్ని మళ్లీ అడగమని సెప్పింది గదా అమ్మ. ముసిలాయన్ని ముందు నిలబెడతాను. కాదంటే పక్క గుమ్మం."

గొడుగు గోడకు వేలాడుతోంది. తీసి ఇచ్చాను. ఊచ ఒకటి వంగి ఉంటే గడప మీద ఆనించి సరిచేసుకుని, బుల్లమ్మ స్టేషను వైపు నడిచింది.